చందుర్తిలో పరాసులు (ఫ్రెంచివాళ్లు) ఎలా ఓడారు? 6,000 మంది సిపాయిలు ఉండి కూడానా?

ఏలేరుగట్టు
మా అమ్మాయి పోటీ పరీక్షలకి చదువుతోంది. పుస్తకంలో చందుర్తి గురించి ఒక్కటే వాక్యం: 1758లో ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించారు. అంతే. "ఎలా ఓడించారు నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా అత్తారిది గొల్లప్రోలు. చందుర్తి మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కోస్తా మొత్తం చేతులు మారిన యుద్ధం ఆ చేలల్లో జరిగిందని ఒక్కసారి కూడా తట్టలేదు.

వెతికితే దొరికిన లెక్క ఇదీ. పరాసుల సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది తెల్లవాళ్లు, 6,000 మంది సిపాయిలు, 30కి పైగా ఫిరంగులు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కర్నల్ ఫోర్డ్ దగ్గర 470 మంది తెల్లవాళ్లు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు. విజయనగరం ఆనందరాజుగారి దండు ఇంకో 5,000 పైన ఉంది గానీ అది కదల్లేదంటారు. మరి గెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? బొబ్బిలి కథ అందరికీ నోటికొచ్చు, దీని ఊసు ఎవరూ ఎత్తరేం?

కుర్రకారు
తుపాకుల తేడా అయి ఉంటుంది. ఇంగ్లీషోళ్ల దగ్గర కొత్త రకం తుపాకులు, వీళ్ల దగ్గర పాతవి.

పాతరాతలు
కాదు కుర్రకారూ. రెండు పక్కలా చకుముకి తుపాకులే. గుర్రం, అంటే తుపాకి మీట, తీస్తే రాయి వెళ్లి ఉక్కు మీద కొట్టుకుంటుంది, నిప్పురవ్వ పళ్లెంలో మందు మీద పడుతుంది, అది లోపలి మందుని అంటిస్తుంది. పరాసుల తుపాకి ఏ రకంగానూ తీసిపోయింది కాదు. ఫిరంగుల్లో వాళ్లదే పైచెయ్యి. ఆయుధంతో ఈ చిక్కుముడి విడిపోదు.

ఏలేరుగట్టు గారి ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు: జొన్నచేను, ఎర్రచొక్కా.

ఏలేరుగట్టు
ఆ ఒక్క ముక్కా విప్పి చెప్పండి మరి.

పాతరాతలు
చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

దీనికి దాదాపు రెండేళ్ల ముందు నుంచి మొదలెట్టాలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. పరాసుల సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం పెద విజయరామరాజు దండు కలిసి కొట్టాయి. మూడో రాత్రి బొబ్బిలివాళ్లు విజయరామరాజుని ఆయన డేరాలోనే పొడిచి చంపారు. ఆయన తర్వాత వచ్చిన ఆనందరాజుకి బుస్సీతో పొసగలేదు. 1758లో కొత్తగా దిగిన పరాసు గవర్నరు లాలీ, ఇక్కడి నేల ఆనుపానులన్నీ తెలిసిన బుస్సీని దక్షిణానికి పిలిపించుకుని ఉత్తర సర్కార్లు (మన కోస్తా జిల్లాలు) కాన్‌ఫ్లాన్స్ చేతిలో పెట్టాడు. అదే అదను అనుకుని ఆనందరాజు విశాఖపట్నం కోట పట్టుకుని కుంఫిణీకి కబురు పెట్టాడు. కలకత్తాలో కౌన్సిలు వద్దన్నా వినకుండా క్లైవ్ ఫోర్డ్‌ని ఓడెక్కించాడు. అక్టోబరులో ఫోర్డ్ విశాఖలో దిగాడు. రాజుగారితో ఒప్పందం ఏంటంటే, దండు ఖర్చుకి నెలకి 50,000 రూపాయలు ఆయన ఇవ్వాలి.

డిసెంబరులో ఇద్దరూ ఎదురుపడ్డారు. తెల్లవారుజామునే చందుర్తి వైపు కదులుదామని ఫోర్డ్, రాజుగారు అనుకున్నారు. ఫోర్డ్ 4 గంటలకే బయల్దేరాడు. రాజుగారి శిబిరం మాత్రం లేవలేదు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ ఫిరంగులు ఆ శిబిరం మీద మొదలయ్యాయి. జనం చెల్లాచెదురై ఫోర్డ్ వైపు పరుగు. ఫోర్డ్ వెనక్కొచ్చి వాళ్లని కలుపుకుని చందుర్తి చేరాడు. దూరం నుంచి చూసిన కాన్‌ఫ్లాన్స్‌కి వీళ్లు పారిపోతున్నారనిపించింది. తొందరపడ్డాడు.

ఇక మోహరింపు. నడుమ ఫోర్డ్ తెల్ల పటాలం, రెండు పక్కలా బెంగాలు నుంచి తెచ్చిన సిపాయిలు. ఆ సిపాయిలకి ఎర్రచొక్కాలు. పరాసులు అంతవరకు ఎర్రచొక్కా తొడిగిన సిపాయిల్ని చూడలేదు. ఎర్రగా కనిపిస్తే తెల్ల పటాలమే అని వాళ్ల లెక్క. నడుమనున్న అసలు తెల్ల పటాలం ముందేమో ఎత్తుగా పెరిగిన చేను. కనపడదు. దాంతో పరాసు పటాలం ఎడమ పక్క సిపాయిల్ని చూసి తెల్లవాళ్లు వీళ్లేననుకుని నేరుగా వాళ్ల మీదికెళ్లింది. సిపాయిలు కాసేపు నిలబడి విరిగిపోయారు. గెలిచేశామని పరాసులు వరస చెదిరి తరుముకున్నారు. అప్పుడు చేనులోంచి ఫోర్డ్ పటాలం బయటికొచ్చి పక్కకి తిరిగి డొక్కలో కాల్చింది. ముందు వరస గ్రెనేడియర్లలో (ఏరికోరి పెట్టుకున్న తెల్ల సైనికులు) సగం మంది ఆ దెబ్బకే పడ్డారంటారు. మిగిలినవాళ్లు వెనక్కి పరుగెత్తి ఫిరంగుల దగ్గర చేరారు. ఫోర్డ్ ఊపిరి తీసుకోనివ్వకుండా వెంటపడి ఆ ఫిరంగుల్నీ పట్టుకున్నాడు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు.

గోదారిచిట్టి
అమ్మో. ఇంత ఉందా ఆ ఒక్క వాక్యం వెనక!

మంచెమీదిరైతు
ఇంగ్లీషు రాతల్లో ఆ చేను 'ఇండియన్ కార్న్' అని ఉంటుంది. మొక్కజొన్న అని తిప్పేస్తారు అందరూ. నాకైతే అది జొన్నే అనిపిస్తుందండీ. ఆ రోజుల్లో మన వైపు మెట్టలో ఎకరాలకి ఎకరాలు మొక్కజొన్న ఎక్కడిది?

మా తాతలనాటి నాటు జొన్న నేను చిన్నప్పుడు చూశాను. ఇప్పటి పొట్టి రకం కాదు. నిలబడి చెయ్యెత్తితే కంకి అందీ అందనట్టు ఉండేది. మార్గశిరంలో చేలోకి దిగితే పక్క సాలులో మనిషి కనపడడు, ఆకుల గరగర వినపడుతుంది అంతే. పిట్టల్ని తోలడానికి మంచె ఎందుకు కడతాం? కింద నిలబడితే చేను అవతల ఏముందో తెలీదు గనక. ఆ రోజు పరాసుల వైపు ఓ మంచె ఉండి ఉంటే కథ మారిపోయేది.

కుర్రకారు
గుర్రం మీద కూర్చున్నవాడికి కనపడదా బాబాయ్?

మంచెమీదిరైతు
చేను పక్కనే ఉంటే తలలు కనపడొచ్చు. దూరం నుంచి చూస్తే చేను చదునుగా పరిచిన పచ్చటి దుప్పట్లా ఉంటుంది. లోపల ఏనుగున్నా తెలీదు.

సుబేదారు_తాతయ్య
28 ఏళ్లు పదాతి దళంలో చేశాను. చేను, చొక్కా అంటున్నారు బాగానే ఉంది. నాకు ఇందులో కనపడేది డ్రిల్లు.

బారుగా నిలబడ్డ 400 మందికి పైగా మనుషుల్ని పక్కకి తిప్పడమంటే ఏంటో పరేడు మైదానంలో తిప్పినవాడికే తెలుస్తుంది. లోపలి కొసన ఉన్నవాడు ఉన్నచోటే అడుగులు వెయ్యాలి, బయటి కొసన ఉన్నవాడు దాదాపు పరుగెత్తాలి. మధ్యలో ఒక్కడు తొందరపడితే వరస పాములా వంకర్లు పోతుంది. మేము సిమెంటు చదును మీద, తెల్లగీతలు గీసుకుని చేస్తేనే మా హవల్దారు గొంతు పోయేది. వాళ్లు జొన్న మొదళ్లలో చేశారు. అదీ ఎదురుగా తమవాళ్లు విరిగి పారిపోతుంటే చూస్తూ. కాళ్లు ఆ పారిపోయేవాళ్ల వెంటే పోతాయి మనిషన్నాక. అలా పోకుండా తిరిగారు చూడండి, ఫోర్డ్ గెలుపు అక్కడుంది.

ఇంకోటి. పటాలం అంతా తిరిగేదాకా ఆగి ఒక్కసారి కాల్చలేదు వాళ్లు. చేను దాటి బయటపడ్డ జట్టు పడ్డట్టే కాల్చింది. వెనక జట్టు వచ్చేసరికి ముందు జట్టు మళ్లీ మందు కూరుకుంటోంది. ఎదుటివాడికి తెరిపి లేదు.

వర్జీనియా_వెంకట్
నేను ఇక్కడ విలియమ్స్‌బర్గ్‌లో ఆ కాలపు తుపాకి నమూనా ఒకటి కాల్చి చూశాను, ఇంగ్లీషు పటాలాలు వాడిన బ్రౌన్ బెస్ రకమే. బరువు నాలుగున్నర కిలోలు ఉంటుంది. కాగితం తూటా పళ్లతో చింపాలి, కాస్త మందు పళ్లెంలో పొయ్యాలి, మిగతాది గొట్టంలో పోసి గుండు వేసి ఇనపకడ్డీతో దట్టించాలి. నాలుక మీద మందు ఉప్పగా, చేదుగా ఉండిపోయింది సాయంత్రం దాకా. గుర్రం తీశాక ఓ లిప్తపాటు ఏమీ జరగదు, చెంప పక్కనే బుస్సుమని మంట లేస్తుంది, అప్పుడు పేలుతుంది. ఆ మంటకి కళ్లు మూసుకోకుండా ఉండటం నావల్ల కాలేదు. నాకు ఒక గుండు వెయ్యడానికి నిమిషం పైనే పట్టింది. ఆరితేరినవాళ్లు నిమిషానికి మూడు వేసేవాళ్లట.

ఇక గురి సంగతి. గొట్టం 19 మిల్లీమీటర్లు, గుండు అంతకంటే చిన్నది. లోపల డొల్లుకుంటూ వస్తుంది, ఎటు పోతుందో దానికే తెలియాలి. 100 గజాలు దాటితే మనిషిని గురిచూసి కొట్టడం మాటే లేదు. అందుకే భుజాలు రాసుకుంటూ నిలబడి, దగ్గరికి రానిచ్చి, అందరూ కలిసి కాల్చేవాళ్లు. ఎదురుగా నిలబడ్డ బారుని కాలిస్తే తప్పిపోయే గుండ్లు చాలా ఉంటాయి. పక్క నుంచి కాలిస్తే ముందువాణ్ణి తప్పిన గుండు వెనకవాడికి తగులుతుంది. చందుర్తిలో ఒక్క దెబ్బకి సగం మంది పడ్డారంటే నాకు నమ్మబుద్ధి అవుతోంది.

పాతరాతలు
బాగా చెప్పావు వెంకట్. పొగ కూడా చేర్చు. తుపాకిమందు పొగ గాలి లేకపోతే కదలదు. రెండు విడతలు కాల్చాక ఎదుట ఎవరున్నారో తెలీదు, చొక్కా రంగు ఒక్కటే మసగ్గా కనపడుతుంది. రంగుని బట్టి మనిషిని పోల్చుకునే రోజులవి.

నిడదవోలు_నాగు
ఒక మాట అడుగుతా. ఇదంతా అదృష్టం కాదా? చేను అక్కడ ఎవడో రైతు వేసుకున్నాడు. చొక్కాలు బెంగాల్లో కుట్టించారు. కాన్‌ఫ్లాన్స్ తప్పుగా పోల్చుకున్నాడు. ఇందులో ఫోర్డ్ చేసిందేముంది? మనవాళ్లకి ఇంగ్లీషోడు గెలిస్తే చాలు, మహా వ్యూహం అంటారు.

పాతరాతలు
నాగు గారూ, ఒక్క సంగతి మీ మాటకి అడ్డం వస్తుంది. పరాసులు వస్తుండగా ఫోర్డ్ తన సిపాయిల జెండాలు చుట్టించి నేల మీద పెట్టించాడు. సిపాయి పటాలాలకి పెద్ద జెండాతో పాటు జట్టు జట్టుకీ చిన్న చిన్న పతాకాలు ఉండేవి. వాటిని చూస్తే వీళ్లు సిపాయిలని పరాసులు ఇట్టే పట్టేసేవాళ్లు. అవి దించేశాక మిగిలింది ఎర్రరంగే. కావాలని చేసిన పని అది.

నిడదవోలు_నాగు
జెండాల సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటా. అయినా ఎడమ పక్క సిపాయిలు విరిగి పారిపోవడం ఆయన పథకంలో ఉందంటే మాత్రం ఒప్పుకోను.

సుబేదారు_తాతయ్య
అది పథకం కాదు, నిజమే. ఏ కమాండరూ తన పక్కబలం విరగాలని కోరుకోడు. ఫోర్డ్ వాళ్లని ఆపబోయాడు, ఆగలేదు. ఆ సిపాయిలది తప్పనీ అనను నేను. తెల్ల పటాలంలా కనిపించేట్టు నిలబెట్టారు వాళ్లని. దెబ్బంతా వాళ్ల మీద పడింది. కాసేపు నిలబడ్డందుకే ఫోర్డ్‌కి తిరిగే వ్యవధి దొరికింది.

కుడి పక్కన కెప్టెన్ నాక్స్ కింద ఉన్న సిపాయిల మాట ఎవరూ ఎత్తలేదు. పరాసుల వైపు సిపాయిలు ఎంతో ఎక్కువమంది మీద పడినా గట్టుని అడ్డం పెట్టుకుని కదలకుండా కాల్చారు. వాళ్లు కూడా విరిగి ఉంటే ఫోర్డ్ ఎంత చక్కగా తిరిగినా వెనక నుంచి కమ్మేసేవాళ్లు.

గంటస్తంభం
మాది విజయనగరమండి. మా రాజుగారి దండు నిద్రపోయింది, పారిపోయింది అని ఊరికే అనేస్తున్నారు. ఆ దండులో ఎవరున్నారో చూడండి ముందు. ఈటెలు, విల్లంబులు పట్టినవాళ్లే ఎక్కువ, నాసిరకం తుపాకులు కొన్ని. ఊళ్లోంచి పిలిస్తే వచ్చిన పాలేర్లు, పాయకులు. ఫిరంగి ముందు ఈటెతో నిలబడమంటే ఏటి చేస్తాడు?

పాతరాతలు
మీ మాట సబబే. వాళ్లు యుద్ధమంతా ఎండిపోయిన చెరువు గుంతలో దిగి గుండ్లకి అందకుండా కూర్చున్నారు. ఆ ఆయుధాలతో అంతకంటే తెలివైన పని లేదేమో. కానీ పరాసులు విరిగాక తరమడానికి ఫోర్డ్ గుర్రాలు అడిగాడు. అప్పుడూ కదల్లేదు. అందుకే కాన్‌ఫ్లాన్స్ దొరకలేదు. రాజుగారి తరఫున ఆ రోజు పనిచేసింది బ్రిస్టల్ అనే ఆయన కింద ఉన్న నలభై మంది తెల్లవాళ్లు, నాలుగు ఫిరంగులు మాత్రమే.

గంటస్తంభం
అదే మావాళ్లు 1794లో పద్మనాభం దగ్గర ఏం చేశారో కూడా రాయండి. జులై 10. కుంఫిణీ పటాలం మీద చినవిజయరామరాజు గారు వెనక్కి తగ్గలేదు, అక్కడే పడ్డారు. గంట కూడా పట్టలేదు ఆ యుద్ధం. రాజుగారి చుట్టూ రాచవారి శవాలు వలయంగా పడి ఉన్నాయని మా తాతగారు చెప్పేవారు. చందుర్తిలో గెలిపించి తెచ్చుకున్న కుంఫిణీయే 36 ఏళ్లు తిరక్కుండా ఆ ఇంటి మీదికి వచ్చింది. నాకు చందుర్తి పేరు వింటే ముందు పద్మనాభమే గుర్తొస్తుంది.

గోదారిచిట్టి
ఇది చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

రాజాం_రాము
బొబ్బిలి మాట పైన ఒక్క ముక్కతో తేల్చేశారు. మా వైపు ఇప్పటికీ జంగం కథ విని ఏడ్చేవాళ్లున్నారు. యుద్ధతంత్రం మాట వచ్చింది గనక చెప్తున్నా. బొబ్బిలిది మట్టికోట. రాతి గోడైతే ఫిరంగి గుండు తగిలిన చోట పగిలి, పైనున్నదంతా కూలి, ఎక్కడానికి మెట్లలా పడుతుంది. మట్టిగోడ గుండుని మింగేస్తుంది. గుంత పడుతుంది, గోడ ఉంటుంది. చుట్టూ ముళ్ల వెదురు. బుస్సీ ఫిరంగులు పొద్దున్నుంచి కొట్టినా, నిచ్చెనలేసి నాలుగు పక్కలా ఎక్కినా చాలాసేపటి దాకా ఒక్కడూ గోడ దాటలేకపోయాడు. లోపల ఉన్నవాళ్లు కొన్ని వందల మంది. ఇక నిలవదని తెలిశాక ఆడవాళ్లని, పిల్లల్ని తామే చంపుకుని ఇళ్లకి నిప్పంటించి గోడమీదికి వచ్చారు. లొంగమని పిలిచినా లొంగలేదు. బొబ్బిలి రాజు రంగారావుగారి పసివాడు మిగిలాడు.

బందరు_సముద్రం
ముళ్లకంప, మట్టిగోడ అంటే గుర్తొచ్చింది. మా బందరు కోటకి బురదే కాపలా. చందుర్తి తర్వాత కథ మా ఊళ్లోనే తేలింది, అది రాయకపోతే ఏలేరుగట్టు గారి అమ్మాయికి సగమే చెప్పినట్టు.

చందుర్తి గెలిచినా ఫోర్డ్ వెంటనే బందరు రాలేకపోయాడు. రాజుగారు ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు, వారాలకి వారాలు ఆగిపోయాడు. 1759 మార్చిలో గానీ కోట ముందు దిగలేదు. అప్పటికి కోటలో ఉన్నవాళ్లు, బయట ముట్టడించినవాళ్లకంటే ఎక్కువ. జీతాలూ, దోపిడీలో వాటా తేల్చమని ఫోర్డ్ తెల్ల పటాలమే తుపాకులు పట్టుకుని తిరగబడింది. పైనుంచి నిజాం సలాబత్ జంగ్ పెద్ద దండుతో వస్తున్నాడు. ఏప్రిల్ మొదటి వారానికి ఫిరంగులకి రెండు రోజుల మందు మిగిలింది.

వేరేవాడైతే ఓడెక్కేవాడు. ఫోర్డ్ ఉన్న మందంతా ఆ రోజు కాల్పించి, ఏప్రిల్ 7 రాత్రి మూడు చోట్ల మీద పడ్డాడు. నైరుతి వైపు బురదలోంచి నాక్స్, ముఖద్వారం దగ్గర రాజుగారి మనుషులు. ఈ రెండూ ఉత్తుత్తివే. అసలు దెబ్బ ఈశాన్యం బురుజు మీద. ఆ బురదలో దిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, చిన్నప్పుడు పీతల కోసం దిగేవాళ్లం. మోకాలు దాటి కూరుకుపోతుంది, కాలు లాగితే చెప్పు అందులోనే ఉంటుంది. తుపాకి తడవకుండా నెత్తిమీద పెట్టుకుని, రాత్రిపూట, చప్పుడు కాకుండా! ఎక్కణ్ణుంచి వస్తున్నారో కాన్‌ఫ్లాన్స్‌కి తెలిసేసరికి బురుజులు పోయాయి. తెల్లారేసరికి కోట లొంగింది. మే 14న సలాబత్ జంగే ఫోర్డ్‌తో సంధి చేసుకుని బందరు చుట్టుపక్కల ప్రాంతాలు కుంఫిణీకి రాసిచ్చాడు, పరాసుల్ని వెళ్లగొడతానన్నాడు.

నిడదవోలు_నాగు
ఇది చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. చందుర్తి ఒక్కటే అయితే అదృష్టం అనొచ్చు. రెండు రోజుల మందుతో కోట ఎక్కడం అదృష్టం కాదు. అయితే రెండుచోట్లా ఎదుట ఉన్నది కాన్‌ఫ్లాన్సే. బుస్సీ ఉండి ఉంటే?

పాతరాతలు
బుస్సీ ఉంటే ఆనందరాజు కబురు పెట్టేవాడా అన్నది నా అనుమానం. నా మటుకు సర్కార్లు పోయింది చందుర్తిలోనూ కాదు, బందర్లోనూ కాదు. లాలీ బుస్సీని పిలిపించిన ఉత్తరంలో.

సుబేదారు_తాతయ్య
దాంతో నేను ఏకీభవించను. కమాండరు మారినా సిపాయి డ్రిల్లు మారదు. ఆ పరాసు పటాలం తరుముకునేటప్పుడు వరస చెదరకుండా ఉంటే కాన్‌ఫ్లాన్స్ చేతిలోనే గెలుపు ఉండేది. గెలిచే పక్క వరస నిలుపుకోవడం ఓడే పక్క నిలుపుకోవడంకంటే కష్టం.

ఏలేరుగట్టు
అందరికీ దణ్ణాలండి. మా అమ్మాయి పక్కనే కూర్చుని అంతా చదివింది. దానికి జెండాలు దించిన ముక్క బాగా నచ్చింది. సంక్రాంతికి గొల్లప్రోలు వస్తున్నాం. దాన్ని బండి మీద ఎక్కించుకుని చందుర్తి చేలన్నీ ఒకసారి చూపిస్తాను. పాతరాతలు గారూ, పరాసులు దిగిన చోటు ఏ వైపు ఉండొచ్చు?

పాతరాతలు
పరాసుల చోటు గట్టిగా చెప్పలేను. ఇంగ్లీషు రాతల్లో ఫోర్డ్ శిబిరం పేరు 'చాంబోల్' అని ఉంది. మన చేబ్రోలే అయి ఉంటుందని నా అంచనా. అక్కణ్ణుంచి చందుర్తి వైపు వెళ్తూ చూడండి, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఎండిన చెరువు ఏదో ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. పాత చెరువుల పేర్లు వాళ్లకే తెలుస్తాయి.

మంచెమీదిరైతు
సంక్రాంతికి జొన్న ఎవరైనా వేసి ఉంటే చేలోకి దిగి నిలబడమనండి అమ్మాయిని. మీరు గట్టు మీదుండి పిలవండి. ఎక్కడుందో చెప్పలేరు.

సుబేదారు_తాతయ్య
బండి వద్దు. నడవండి. తెల్లారుజామున 4కి బయల్దేరండి.